వెనక్కి చూసే హంసలు

నీలవేణికి మొగుడి మీద ఉన్న ఫిర్యాదు గద్వాల మొత్తంలో ఇంకే ఆడదానికీ ఉండదు. గోపాలయ్య మరీ బుద్ధిమంతుడు. తిన్న కంచం తానే కడుగుతాడు. కప్పుకున్న దుప్పటి నాలుగు మూలలూ కలిపి ఇటుకలా మడిచి గోడవారన పెడతాడు. కూరలో ఉప్పు తక్కువైతే అనడు, ఎక్కువైనా అనడు. ఒకనాడు చూద్దామని ఆమె పప్పులో అసలు ఉప్పే వేయలేదు. ఆయన ఒద్దికగా తిని, చెయ్యి కడుక్కుని, "మంచిగుంది" అన్నాడు. ఇట్లాంటి మగవాడితో కాపురం ఎట్లా చేయాలి? పక్కింటామె మొగుడు తాగుతాడు, ఎదురింటామె మొగుడు గురక పెడతాడు. నలుగురు ఆడవాళ్లు కూడిన చోట చెప్పుకోవడానికి నీలవేణి దగ్గర ఏమీ లేకుండా చేశాడు.

"తొమ్మిదేండ్లు ఉంచుకోని సర్కారు మంచిగనే తయారు జేసి పంపింది," అంటుంది ఆమె తోటికోడలు సరోజతో. "మా బావను గూడ ఓ ఆర్నెల్లు పంపరాదు అక్కా. లుంగీ మడత పెట్టుడన్న నేర్చుకుంటడు."

సరోజ నవ్వుతుంది. సరోజ మొగుడు, గోపాలయ్య అన్న జగదీశ్, ఆ మాట వినపడినప్పుడల్లా లేచి బయటికి పోతాడు. లుంగీ మాటకు నొచ్చుకున్నాడేమో అనుకునేది నీలవేణి.

ఒక్క సంగతి మాత్రం ఆమె ఎవరితోనూ నవ్వులాటకు కూడా అనలేదు. గోపాలయ్య పొద్దున ఐదింటికి లేచి, దుప్పటి మడిచి, వీధి తలుపు ముందు వచ్చి నిలబడతాడు. చేతులు పక్కలకు దించి, కదలకుండా. తలుపుకు తాళం ఉండదు, ఉన్నది ఒక గడియ, అదీ లోపలి వైపే. అయినా ఎవరో వచ్చి తీయాలన్నట్టు ఎదురుచూస్తాడు. ఇంటికి వచ్చిన మొదటి రోజు ఏదో వెతుకుతున్నాడనుకుంది. రెండో రోజు అర్థమైంది. మూడో రోజు నుంచి ఐదుకు ముందే చీపురు పట్టుకుని వచ్చి, "జర జరుగు, వాకిలి ఊడ్వాలె," అని గడియ తీస్తోంది. ఆయన బయటికి వెళ్లి ఆకాశం చూస్తాడు. ఇప్పటికి నలభై రోజులు. అత్తకు తెలియదు, కూతురు శ్రుతికీ తెలియదు.

ఆరోజు కూడా అట్లాగే తలుపు తీసి, ఊడ్చి, టీ పెట్టింది. గోపాలయ్య, శ్రుతి ఏడు గంటల బస్సుకు కోర్టుకు పోవాలి. కేసు కొట్టేశారు గనక, పట్టుకున్ననాడు తీసుకున్న సామాను వాపసు ఇస్తామన్నారు. పనిలో పనిగా కేసు కాగితాల నకళ్లకు కూడా అర్జీ పెట్టింది శ్రుతి. తండ్రిని తీసుకుపోయేనాటికి పదిహేనేళ్ల పిల్ల. ఇప్పుడు ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతోంది.

"ఏమున్నయి నాయినా ఆ సంచిల?" అని అడిగింది.

"ఏం లేవు. పాత తువ్వాల, ఫోను. పోకున్నా నడుస్తది," అన్నాడు గోపాలయ్య. ఆయన పోవడానికి ఇష్టపడలేదని నీలవేణికి అనిపించింది గానీ, కోర్టు అంటే ఎవరికి ఇష్టం అనుకుంది.

తొమ్మిదేళ్ల కింద గోపాలయ్య నేతకార్మికుల సంఘానికి పెద్ద. నూలు ధర గురించి, కూలి గురించి మాట్లాడేవాడు. అచ్చంపేటలో అడవి భూములకు పట్టాలు అడిగేవాళ్లు సభ పెడితే మాట్లాడమని పిలిచారు. వెళ్లినవాడు తిరిగి రాలేదు. అడవిలోని వాళ్లకు కబుర్లు మోస్తున్నాడని కేసు పెట్టారు. సంచిలో రహస్య లిపితో రాసిన కాగితం దొరికిందన్నారు. అందులో పక్షుల గుర్తులున్నాయట. పక్షుల ముక్కులు లింగాల ఊరి మీదుగా అడవికి దారి చూపుతున్నాయట. పక్కన వేసిన అంకెలు తుపాకుల లెక్కట. వకీలు దగ్గరున్న జిరాక్సును నీలవేణి ఒకసారి చూసింది. చీమల పుట్ట మీద సిరా ఒలికినట్టుంది. ములాఖత్‌లో జాలీ ఇవతల నిలబడి ఆయన్నే అడిగింది. "అది పోలీసోళ్లు పెట్టిన కాయితం నీలా, నాకేం తెల్వదు," అన్నాడు. ఆ ఒక్క కాగితం పక్కకు పోతే బెయిలు దొరుకుతుందని వకీలు ప్రతి వాయిదాకూ అనేవాడు. ఆయన జుట్టు కూడా ఆ మాట అంటూనే నెరిసింది. చివరికి వచ్చిన సాక్షులకు ఏమీ తెలియదు, తెలిసినవాళ్లెవరో ఎవరికీ తెలియదు. కేసు వీగిపోయింది.

ఎట్లా గడిపావని అందరూ అడిగారు. "చీరలు నేసుకుంట," అన్నాడు. జైల్లో మగ్గముందా అంటే లేదన్నాడు. జైలు మనిషిని కొంత అటూ ఇటూ చేస్తుందిలెమ్మని ఎవరూ ఇంక అడగలేదు.

బస్సుకు వాళ్లు వెళ్లాక అత్తాకోడళ్లు మగ్గం మీద కూర్చున్నారు. గద్వాల కుట్టు చీరకు ఇద్దరు కావాలి. ఒంటి రంగు వేరు, అంచు రంగు వేరు. రెండింటి పోగులనూ ప్రతి వరుసలో చేత్తో మెలేసి కలపాలి. గోపాలయ్య కూర్చునే పక్క ఖాళీ అయినప్పుడు, ఇంక మగ్గం అమ్ముకోవడమే అనుకుంది నీలవేణి. అప్పుడు రేణుకమ్మ కొంగు బిగించి వచ్చి కొడుకు జాగాలో కూర్చుంది. అప్పటికే అరవై ఏడేళ్లు. తొమ్మిదేళ్లు ఆ జాగా వదల్లేదు. నడుం వంగింది, చూపు తగ్గింది, మాట మాత్రం తగ్గలేదు.

"నిన్న రెండు పోగులు ఎగిరినయి. లెక్క సక్కగ చెప్పవైతివి," అంది రేణుకమ్మ.

"నేను సక్కగనే చెప్పిన అత్తమ్మా. నువ్వే ఎత్తలే."

"అయితే ఈ అద్దకపోనిదే మోసం. పోగు బిరుసుగ చేసిండు."

తప్పు అద్దకం వాడిది కావచ్చు, చలిది కావచ్చు, దేవుడిది కూడా కావచ్చు. రేణుకమ్మది అయిన సందర్భం ఆ ఇంట్లో ఇంతవరకు లేదు.

మగ్గం మీద ఉన్నది జగదీశ్ కూతురు రోహిణి పెళ్లి చీర. పెళ్లికొడుకుది వనపర్తి. పన్నెండు రోజుల్లో ముహూర్తం. పాత పద్ధతిలో, పోగులు చేత్తో ఎత్తి నేసిన అంచే కావాలని పిల్ల ముచ్చటపడింది. జగదీశ్ నమూనాలు గీయడంలో పేరున్నవాడు. పక్క మగ్గాల వాళ్లు ఎత్తుకుపోతారని సగమే గీస్తాడు, చుక్కలూ గుణకారం గుర్తులూ తన సొంత లెక్కలో వేస్తాడు. అవి చదవడం ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ రాదు. కూతురి కోసం కొత్తగా హంసల వరుస గీసి ఇచ్చాడు. ఒక్కో హంసా ముందుకు నడుస్తూ మెడ తిప్పి వెనక్కి చూస్తుంది. నీలవేణి కాగితం చూసి లెక్క చెబితే రేణుకమ్మ ఎత్తుతుంది.

పోయిన వారం ముసలమ్మకు నడుం పట్టేస్తే గోపాలయ్య కూర్చున్నాడు. నీలవేణి నోరు తెరిచే లోపే ఆయన వేళ్లు పోగులు ఎత్తేశాయి. నాలుగు, రెండు, నాలుగు. కాగితం వైపు చూడనే లేదు.

"ఇదివరకు చూసినవా ఏంది ఈ అంచు?" అని అడిగింది.

"అన్న గీత నాకు తెల్వదా," అన్నాడు. మురిసిపోయింది తను. ఆ మురిపెం తలచుకుంటే తర్వాత ఆమెకు తన మీద తనకే సిగ్గేసింది.

మధ్యాహ్నం రెండింటికి కోర్టుకు పోయినవాళ్లు తిరిగొచ్చారు. చీర ఎంతవరకు వచ్చిందో చూద్దామని జగదీశ్, సరోజ అప్పటికే వచ్చి మగ్గం పక్కన కూర్చున్నారు. శ్రుతి నకళ్ల కట్ట పక్కన పెట్టి, సంచి నేల మీద దులిపింది. బ్యాటరీ ఉబ్బిన ఫోను, తువ్వాల, స్టీలు టిఫిను డబ్బా. డబ్బా చూడగానే నీలవేణికి నవ్వొచ్చింది, కళ్లూ చెమర్చాయి.

"ఇదేంది, పొద్దుగూకే వరకు తెస్తనన్న డబ్బా ఇప్పుడు తెస్తవా? చిత్రాన్నం తిన్నవా లేదా?"

"సగం తిన్న," అన్నాడు గోపాలయ్య.

కింద లక్క ముద్ర వేసిన ప్లాస్టిక్ కవరు ఉంది, లోపల మడత పెట్టిన కాగితం. నీలవేణి చేతిలోకి తీసుకుంది. నలభై రోజుల్లో ఏదీ అడగని మనిషి అప్పుడు చెయ్యి చాపాడు.

"అది నాకియ్యి నీలా."

ఆమె ఇవ్వలేదు. కవరులోంచి తీసి మడత విప్పింది. గళ్ల కాగితం. సగం గీసిన హంసలు, చుక్కలు, గుణకారం గుర్తులు. పక్కన నాలుగు, రెండు, నాలుగు. ఒక్కో హంసా మెడ తిప్పి వెనక్కి చూస్తోంది.

మగ్గానికి గుచ్చి ఉన్న రోహిణి చీర కాగితం పక్కన దాన్ని పెట్టింది. ఒక్క గడి తేడా లేదు. ఒకటి పసుపెక్కింది, ఒకటి కొత్తది, అంతే.

సరోజ ఒక్కతే మొగుడి ముఖం, కాగితం, మళ్లీ మొగుడి ముఖం చూస్తోంది. ఆమెకూ తెలియదని నీలవేణికి అర్థమైంది.

"శ్రుతీ, ఆ నకళ్లల్ల మీ పెద్దనాయిన చెప్పింది ఏమన్న ఉన్నదా చూడు," అంది.

శ్రుతి కాగితాలు తిప్పింది. దొరికినదాన్ని మొదట తనలో తాను చదువుకుంది. రెండోసారి పైకి చదివింది. అందులో జగదీశ్ చెప్పినట్టు రాసి, కింద సంతకం ఉంది. ఈ కాగితంలోని గుర్తులు చీర నమూనా కావు. ఇటువంటిది మా ఇంట్లో గాని మా వీధిలో గాని ఎవరూ గీయలేదు. నా తమ్ముడు దీన్ని ఎక్కడి నుంచి తెచ్చాడో నాకు తెలియదు.

"దారిల వనపర్తిల మనోళ్ల మగ్గానికి ఇచ్చి రమ్మని నువ్వే ఇచ్చి ఉంటవ్ గద బావా," అంది నీలవేణి. అరవలేదు. లెక్క చెప్పే గొంతుతోనే అంది. "అచ్చంపేట పోయేటోని చేతికి, పోయేది పోతనే ఉన్నవ్, ఇది గూడ ఇచ్చి రా అని."

జగదీశ్ తలెత్తలేదు. "అప్పుడు మన వీధిల ఇద్దర్ని లేపుకపోయిండ్రు నీలవేణీ. ఎవడు గీసిండో చెప్పు, వాన్ని గూడ లోపలేస్తం అన్నరు. రోహిణి చిన్నది. నాకు కాళ్లు వణికినయి."

"ఒకనాడు వణికినయి. ఒప్పుకుంట. తొమ్మిదేండ్లు వణుకుతనే ఉన్నయా?"

"వాన్ని అనకు," అంది రేణుకమ్మ. మగ్గం గుంటలోంచి కాళ్లు బయటికి తీసి కూర్చుంది. "వాడు చెప్పొస్తననే లేచిండు. చెప్పులు తొడుక్కునేటోన్ని నేనే గుంజి కూసోబెట్టిన. నా మీద ఒట్టేసిన."

నీలవేణి అత్త వైపు తిరిగింది. తొమ్మిదేళ్లు తన పక్కన, మూరెడు దూరంలో, పోగూ పోగూ కలుపుతూ కూర్చున్న మనిషి. ప్రతి ములాఖత్‌కూ తనతోపాటు బస్సెక్కి, కిటికీ పక్క సీటు తనకు వదిలి, దారి పొడుగునా పోలీసులకు శాపనార్థాలు పెట్టిన మనిషి.

"ఏం తప్పు జేసిన?" అంది రేణుకమ్మ, ఎవరూ అడగకముందే. "రెండు పోగులు తెగుతుంటే ఒక్కటన్న పట్టుకోవాలె గద. ఇద్దరూ పోతే ఈ రెండిండ్లు ఎవడు సూసుకుంటుండె? గోపాలుకు మొదటి ములాఖత్‌లనే చెప్పిన. అన్నను కాపాడు నాయినా అన్న. సరే అమ్మా అన్నడు."

అప్పుడు నీలవేణి మొగుడి వైపు చూసింది. ఆయన టిఫిను డబ్బా మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు.

"మాట ఇచ్చిన నీలా," అన్నాడు. "ఇచ్చినంక ఎట్ల తప్పుత?"

"నన్నేమన్న అడిగినవా ఇచ్చేముందు?"

గోపాలయ్య డబ్బా కింద పెట్టాడు. ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆయన ఒక్కసారిగా ఇన్ని మాటలు ఎన్నడూ మాట్లాడలేదు. "అక్కడ పొద్దు పోదు. ఈ అంచు నాకు గడి గడి యాదికున్నది. బండ మీద వేలుతోటి నేసేటోన్ని. ఒక్క చీరకు ఇరవై రెండు రోజులు పట్టేది. నూట నలభై తొమ్మిది నేసిన. నూట యాభయ్యోది సగంల ఉండంగ ఇడిసిపెట్టిండ్రు. ఒక్కనితోటి కుట్టు చీర కాదు గద. ప్రతి చీరకూ ఆ పక్కన నిన్నే కూసోబెట్టుకున్న. నువ్వు లెక్క చెప్పేదానివి, నేను ఎత్తేటోన్ని. అట్లనే బతికిన."

సరోజ కొంగు నోట్లో కుక్కుకుంది. శ్రుతి ఏడుస్తోంది. నీలవేణి కళ్లు కూడా నిండాయి గానీ మాట తడవలేదు.

"నువ్వు అక్కడ నన్ను కూసోబెట్టుకున్నవ్," అంది. "ఇక్కడ నా పక్కన ఎవర్ని కూసోబెట్టినవో జర యాది చేసుకో. ముగ్గురికీ తెల్సు. తెల్వంది నాకొక్కదానికే. పదిహేనేండ్ల పిల్లను బడికి పంపి, ఆ నల్ల జిరాక్సు సంచిల వెట్టుకోని వకీళ్ల గడపలు ఎక్కింది నేను. వీధిల అడవోని పెండ్లం అంటే తల వంచుకోని నీళ్లు తెచ్చుకుంది నేను. మీ తల్లీకొడుకుల మాట మంచిగ నిలవడ్డది. నా బతుకు మీదికెల్లి నిలవడ్డది."

లేచి, పసుపెక్కిన కాగితాన్ని తీసి అత్త ఒడిలో పెట్టింది.

"రోహిణి మీద నాకేం కోపం లేదు. కానీ ఈ హంసల లెక్క నా నోరు ఇంక చెప్పదు. మీరు మీరు నేసుకోండ్రి."

కుట్టు చీర ఒక్కరితో కాదని అక్కడున్న అందరికీ తెలుసు. జగదీశ్‌కు నేత రాదు, గీత ఒక్కటే వచ్చు. గోపాలయ్య మగ్గం వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. ఆ సాయంత్రం మగ్గం చప్పుడు లేదు. తొమ్మిదేళ్లలో కేసుకైనా జ్వరానికైనా ఆగని మగ్గం ఆగేసరికి, ఎవరికి బాగాలేదో కనుక్కుందామని పక్కింటామె గిన్నె పట్టుకుని చింతపండు అడగడానికి వచ్చింది. రేణుకమ్మ ఇచ్చి పంపింది.

తెల్లవారి ఐదింటికి నీలవేణికి మెలకువ వచ్చింది. అలవాటైన చెయ్యి చీపురు కోసం కదిలింది. ఆమె దాన్ని వెనక్కి తీసుకుని, గోడ వైపు తిరిగి పడుకుంది. ఆయన లేవడం వినపడింది. దుప్పటి మడతపెట్టడం వినపడింది. అడుగులు తలుపు దాకా వెళ్లి ఆగాయి. తీసుకోనీ. ఒక్కనాడన్నా గడియ తానే తీసుకోనీ. చెవులు మాత్రం అటే ఉన్నాయి. గడియ చప్పుడు ఎంతకూ రాలేదు.

వచ్చింది రేణుకమ్మ కర్ర చప్పుడు.

"ఏంది నాయినా, గట్ల నిలవడ్డవ్?"

ఆయన తలుపు వైపే చూస్తున్నాడు.

"బయటికి పోయేదుంటే పోరాదు?"

"తలుపు..." అన్నాడు గోపాలయ్య. "తీస్తరని."

"ఎవరు తీస్తరని?"

నీలవేణి లేచి కూర్చుంది. గది గుమ్మంలోంచి ఇద్దరూ కనపడుతున్నారు. వేలితో తోస్తే లేచే గడియ ముందు, చేతులు పక్కలకు దించి యాభై మూడేళ్ల కొడుకు. వెనక తల్లి. ముసలమ్మ గడియ వైపు చూసింది, కొడుకు చేతుల వైపు చూసింది. ఆ చేతులకు చెయ్యి తగిలించి మళ్లీ తీసేసుకుంది.

"రోజూ గిట్లనేనా?" అని కోడలిని అడిగింది, తిరగకుండానే.

"నలభై ఒక్క రోజులాయె అత్తమ్మా," అంది నీలవేణి. "నేను తీస్తుంటి."

రేణుకమ్మ గడియ ఎత్తింది. రెండు రెక్కలూ బార్లా తెరిచింది. కొంగులో నిన్నటి కాగితం అట్లాగే ఉంది. దాన్ని పట్టుకుని, కర్ర తాటించుకుంటూ మెట్లు దిగింది.

బయట అప్పటికే వీధి లేచింది. ఎండ రాకముందే గంజి పట్టించాలని వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా పడుగు చాచి, రెండు పక్కలా ఆడామగా నిలబడి పోగులు సర్దుతున్నారు. జగదీశ్ కూడా వాళ్లలో ఉన్నాడు. తల్లి నడివీధిలోకి రావడం చూసి అతని చేతిలో గంజి కుంచె ఆగిపోయింది.

రేణుకమ్మ కాగితం విప్పి పైకెత్తింది.

"అందరూ జర చూడుండ్రి. నా కొడుకును పట్టుకపోయిన కాయితం ఇదే. ఇది అడవి కాయితం గాదు. చీరంచు. మా ఇంట్ల గీసిందే. మా పెద్దోడు చెప్పొస్తనంటే నేను చెప్పనియ్యలే. చిన్నోని నోరు గూడ నేనే కట్టిన. నా కోడలికి తెల్వకుంట తొమ్మిదేండ్లు దాని పక్కన కూసోని కూడు తిన్న."

పోగుల మీద చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. జగదీశ్ కుంచె కింద పెట్టి, తల్లి పక్కకు నడిచి వచ్చి నిలబడ్డాడు. నీలవేణి గడప దగ్గరికి వచ్చింది. ఆమె పక్కనే గోపాలయ్య. తెరిచిన తలుపులోంచి వీధిని చూస్తున్నాడు. ఆమె ఈసారి జరుగు అనలేదు. కాసేపటికి ఆయన తానే గడప దాటి మెట్టు మీద కాలు పెట్టాడు.

రేణుకమ్మ ఇంకేదో అంది. ఈసారి గొంతు రాలేదు. పడుగు ఆ కొసన ఉన్న ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఏమన్నదో వినపడలేదని కేక వేశాడు.

రేణుకమ్మ కోడలి వైపు ఒకసారి చూసింది. కర్ర రెండు చేతులా పట్టుకుని నిటారుగా నిలబడింది.

"తప్పు నాదన్న," అంది, వీధి ఆ కొస దాకా వినపడేటట్టు. "తప్పు నాది."